కంచెలు లేని పొలములు: లాక్స్‌టను గ్రామచరిత్రము

ఇంగ్లాండు దేశచరిత్రమును మనము చిరకాలముగా చదువుచున్నాము. ఆ దేశపు రాజుల పేర్లును, యుద్ధముల తేదీలును, పార్లమెంటులోని వాదోపవాదములును మన పాఠశాలలలో ఎన్నో తరములవారికి కంఠస్థములైనవి. కాని ఆ దేశపు పల్లెటూళ్ళలో రైతు తన పొరుగువానితో నెట్లు మెలగెనో, దున్ను నేలను, మేపు బీడును, నడచు బాటను ఎట్లు పంచుకొనెనో, తగవు పుట్టినపుడు తీర్పు చెప్పినవారెవరో మనకు తెలిపినవారు తక్కువ. జనసామాన్యము యొక్క చరిత్రము తఱచుగా ఇట్టి చిన్న విషయములయందే దాగియుండును. అందుచే ఈ వ్యాసమున మేము రాజధానిని విడిచి, నాటింగ్‌హామ్‌షైరు మండలమందలి లాక్స్‌టను అను చిన్న గ్రామమునకు చదువరులను తోడ్కొనిపోదలచితిమి.

లాక్స్‌టను పెద్ద నగరములకు దారిలోనిది కాదు. పూర్వము షెర్వుడు అడవి వ్యాపించియున్న సీమకు తూర్పువైపున, ఆలర్టను, టక్స్‌ఫర్డు అను చిన్న పట్టణములకు సమీపమున నున్నది. అచ్చటి నేల యెఱ్ఱని బరువైన బంకమన్ను. తడిసినపుడు కాలికంటి వదలదు, ఎండినపుడు రాతివలె గట్టిపడును. ఊరికి ఉత్తరమున నార్మనులు పోసిన మట్టిదిబ్బ నేటికిని నిలిచియున్నది. దానిమీద నొకప్పుడు కోట యుండెను. ఊరిలో సెయింటు మైకేలు పేర వెలసిన ప్రాచీనమైన క్రైస్తవ దేవాలయమును, 'డవ్‌కోటు', అనగా పావురముల గూడు, అను పేరుగల సత్రమును కలవు. 1086వ సంవత్సరమున విలియం రాజు వ్రాయించిన 'డూమ్స్‌డే' అను భూముల లెక్కల పుస్తకమునందే ఈ గ్రామము పేరు గానవచ్చును.

ఇంతవరకు చెప్పిన దానిలో విశేషమేమియు లేదు. ఇట్టి యూళ్ళు ఆ దేశమున వేలకొలదిగా నున్నవి. విశేషము వీధిలో నడచినపుడు కనబడును. రైతుల యిండ్లును, ధాన్యపు కొట్టములును, పశువుల సాలలును వీధి పొడవున నొకదాని ప్రక్క నొకటి నిలిచియుండును. మన పల్లెలను ఎఱిగినవారికి ఇది వింతగా తోచదు. కాని ఇంగ్లాండులో అనేక ప్రాంతములందు రైతు యిల్లు ఊరికి దూరముగా, తన పొలము నడుమ ఒంటరిగా నుండును. చుట్టును అతని చేలు, చేల చుట్టును ముండ్లపొదల కంచెలు. లాక్స్‌టనులో రైతులు ఊరిలోనే కాపురముండుటకు కారణము సౌందర్యదృష్టి కాదు. వారి పొలములు ఒక్కచోట లేకపోవుటయే కారణము.

ఆ పొలముల పద్ధతి యెట్టిదో కొంచెము వివరింపవలసియున్నది. ఊరిచుట్టు పడమటి పొలము, గాలిమర పొలము, దక్షిణపు పొలము అని మూడు పెద్ద పొలములు కలవు. ఒక్కొక్క పొలము వందలాది యెకరముల మేర విశాలముగా పఱచుకొని యుండెడిది. లోపల కంచె గాని గోడ గాని లేదు. ఆ పొలమంతయు సన్నని పొడవైన పట్టెలుగా విభజింపబడియుండును. ఒక రైతు కమతమనగా ఒక్క చెక్క కాదు. మూడు పొలములలోను అక్కడొకటి, ఇక్కడొకటిగా చెదరియున్న పట్టెల సముదాయము. తన పట్టె ప్రక్క పట్టె పొరుగువానిది. దాని ప్రక్కది మఱియొకనిది. నడుమ హద్దుగా నుండునది నాగటి చాలు మాత్రమే.

ఇట్లు పట్టెలు చెదరియుండుటకు కారణమేమని పండితులు చాల వాదించిరి. ఆక్స్‌ఫర్డులో వ్యవసాయార్థశాస్త్ర పరిశోధనాలయమునకు అధ్యక్షుడుగా నుండిన చార్లెస్ ఆర్విను తన భార్య క్రిస్టబెల్‌తో కలిసి 1938లో లాక్స్‌టనును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. బరువైన నేలను దున్నుటకు పెద్ద నాగలియు, అనేక పశువులును కావలెను. ఒక్కనికి అంత శక్తి లేదు గనుక నలుగురును కూడి దున్నుకొనిరి. ఏ దినమున దున్నిన భాగమును ఆ వరుసనే పంచుకొనగా పట్టెలు చెదరినవని వారి వాదము. తరువాతి ఆర్థికశాస్త్రజ్ఞులలో కొందఱు మఱియొక కారణమును చెప్పిరి. పల్లపు నేల అతివృష్టికి చెడును, మెఱక నేల అనావృష్టికి ఎండును. అన్నిచోట్ల కొంచెము కొంచెము గలవానికి ఏ యేటనైనను కొంత పంట చేతికి వచ్చును. మొదటి వాదమున పరస్పర సహాయమును, రెండవదానియందు ఆపద్రక్షణమును ప్రధానములు. ఏ వాదమును గైకొన్నను ఒక్క సంగతి స్పష్టము: ఈ పద్ధతిలో ఏ రైతును ఒంటరిగా సేద్యము చేయజాలడు.

ఏలయన మూడు పొలములకును కాలక్రమ మొకటి యున్నది. ఒక యేడు ఒక పొలమున చలికాలపు గోధుమ; మఱుసటి యేడు దానియందే వసంతకాలమున విత్తెడి యవలు, బఠాణీలు, చిక్కుళ్ళు; మూడవ యేడు నేలకు విశ్రాంతి. మూడేండ్లలో మూడు పొలములును ఈ చక్రమున తిరుగును. కోత యైన పిమ్మట పొలము అందఱి పశువులకును మేతబీడగును. ఎవని గొఱ్ఱెలు ఎన్ని, ఏ దినమునుండి విడువవలెనను దానికి కట్టుబాటు కలదు. ఒకడు తన పట్టెలో ఆలస్యముగా పండు పైరును వేసెనా, ఊరి మందకు అది యడ్డగును. లేక ఊరి మంద వచ్చి వాని పైరును తినిపోవును. దున్నుటకు వీలులేని పల్లపు చోట్లను 'సైకు'లని పిలుతురు. అవి గడ్డికొఱకు విడిచిన ఉమ్మడి నేలలు. బాటలును ఉమ్మడివే. కనుక ఒక్కని నాగలి ఒక్క చాలు హద్దు దాటినను నష్టపడునది పొరుగువాడో, ఊరంతయునో యగును.

ఈ యేర్పాటు ఎట్లుండెనో కన్నులకు కట్టినట్లు చూపు సాధన మొకటి మనకు మిగిలినది. 1635వ సంవత్సరమున మార్కు పియర్సు అను భూమి కొలతగాడు లాక్స్‌టను గ్రామమునంతయు కొలిచి, ప్రతి పట్టెను, ప్రతి యింటిని గుర్తించి గొప్ప పటమును వ్రాసెను. అది యిప్పుడు ఆక్స్‌ఫర్డులోని బోడ్లియను గ్రంథాలయమున నున్నది. కొలతగాడు రేఖలతో తృప్తిపడక, దున్నువారిని, కోతకోయువారిని, వేటకాండ్రను, గాలిమరను చిన్న చిన్న బొమ్మలుగా నందు చిత్రించెను. రాజుల చిత్రపటములు ఎన్నియైనను దొరకును. మూడు వందల యేండ్లకు పూర్వపు సామాన్య రైతు తన పట్టెలో నిలిచి పనిచేయుచు మనకు కనబడుట యరుదు.

ఆ పటమును వ్రాయించినవాడు అప్పటి గ్రామప్రభువు సర్ విలియం కోర్టెను. ఈతడు వంశపరంపరగా వచ్చిన జమీందారు కాడు. లండనులో వర్తకము చేసి ధనము గడించి గ్రామమును కొనినవాడు. ఈతని కథకును మన దేశమునకును ఒక సంబంధము కలదు. ఆ 1635వ సంవత్సరముననే మొదటి చార్లెస్ రాజు, ఈస్టిండియా కంపెనీకి పోటీగా తూర్పుదేశములతో వర్తకము చేయుటకు కోర్టెనుకును అతని సహచరులకును అనుమతి నొసగెను. మఱుసటి యేట వారి యోడలు బయలుదేరి మన పశ్చిమ తీరమునకు వచ్చెను. ఆ యేటనే కోర్టెను మరణించెను. ఒక చేత పల్లెటూరి పట్టెలను లెక్కపెట్టించి, రెండవ చేత సముద్రముల కావలకు ఓడలను పంపిన ఈ వర్తకునియందు రాబోవు కాలమంతయు సంక్షేపముగా కానవచ్చుచున్నది. నేలను ఇంత ఆదాయము నిచ్చు సొత్తుగా లెక్కించెడి దృష్టియే తరువాత ఇంగ్లాండు పల్లెల రూపమును మార్చినది. కోర్టెను వంశము అప్పులపాలు కాగా గ్రామము పియర్‌పాంటు వంశము వారి చేతికి వచ్చెను. ఆ వంశమువారే తరువాత మాన్వర్సు ప్రభువులైరి.

ఇక ఆ మార్పును గూర్చి చెప్పుదుము. కంచెలు లేని పొలములును, ఉమ్మడి బీళ్ళును ఒకప్పుడు ఇంగ్లాండు మధ్యభాగమునందంతటను సామాన్యముగా నుండెను. వానిని విభజించి, చెదరిన పట్టెలను ఒక్కచోట చేర్చి, కంచె వేసి, ఎవని భాగమును వానికి ప్రత్యేకముగా నిచ్చుటను 'ఎన్‌క్లోజరు' అందురు. మనము కంచెకట్టు అని పిలువవచ్చును. 1604 మొదలు 1914 వఱకు పార్లమెంటు 5,200కు పైగా కంచెకట్టు చట్టములను చేసెను. వాని మూలమున 68 లక్షల యెకరములు, అనగా దేశ విస్తీర్ణములో ఇంచుమించు అయిదవ వంతు, ఈ మార్పునకు లోనయ్యెను. చట్టముతో నిమిత్తము లేక ఒప్పందముల వలనను, బలిమి వలనను కంచెలలోనికి పోయిన భూమి వేఱు.

దీనిని కోరినవారు దుర్మార్గులనియు, ఎదిరించినవారు సాధువులనియు చెప్పుట న్యాయము కాదు. ఉమ్మడి పొలమున క్రొత్త పంట వేయదలచినవానికి ఊరందఱి సమ్మతి కావలెను. మంచి జాతి పశువును పెంపదలచినవాని మంద ఊరి మందలో కలిసిపోవును. తెలివిగలవాడు మందబుద్ధి వేగముననే నడువవలసియుండును. ఈ చిక్కులు నిజమైనవే. కాని కంచె వేయకున్న పంట పెరుగనే పెరుగదను మాటను తరువాతి పరిశోధకులు ప్రశ్నించిరి. ఆర్థిక చరిత్రకారుడు రాబర్టు అలెను 1992లో ప్రకటించిన గ్రంథమున, కంచెలు లేని గ్రామముల రైతులును దిగుబడిని చాలవఱకు పెంచుకొనగలిగిరనియు, కంచెకట్టు వలన ముఖ్యముగా పెరిగినది భూస్వామికి వచ్చు శిస్తనియు వాదించెను.

నష్టపడినవారెవరు? పట్టాగల రైతునకు తన వాటా ఏదో యొక చోట దొరికెను. కాని కంచె ఖర్చును, కొలత ఖర్చును, న్యాయవాదుల ఖర్చును భరింపలేక చిన్న రైతు లెందఱో అమ్ముకొనిరి. భూమి లేని కూలివాడు బీడులో నొక యావును మేపుకొనెడివాడు, పొదలలో వంటచెఱకు నేఱుకొనెడివాడు. అది వాడుక యేగాని పత్రము కాదు గనుక చాలచోట్ల అతనికి ఏమియు దక్కలేదు. ఆవు పోయిన యింట పాలు పోయెను. పాలు పోయిన యింట పిల్లల యాహారమున నొక భాగము పోయెను. ఈ నష్టము భూమి లెక్కల పుస్తకములకు ఎక్కదు. ఇల్లు నడపు గృహిణికి మాత్రమే తెలియును. వ్యవసాయ మండలికి కార్యదర్శియై కంచెకట్టును ఏండ్ల తరబడి ప్రచారము చేసిన ఆర్థరు యంగు, గ్రామములు తిరిగి బీదల స్థితిని చూచిన పిమ్మట 1801లో ఒక పుస్తకమును వ్రాసి, ఈ పద్ధతిలో బీదలకు అపకారము జరిగినదనియు, వారికి కొంత భూమి నిచ్చి కాపాడవలెననియు వాదించెను. తాను నమ్మిన మార్గమున జరిగిన అన్యాయమును తానే లోకమునకు చాటిన ఆ పెద్దమనిషి ధైర్యము కొనియాడదగినది. హెల్ప్‌స్టను అను గ్రామమున కూలివాని కుమారుడుగా పుట్టిన జాన్ క్లేరు, 1809 నాటి చట్టము వలన తన యూరి బీళ్ళు కంచెలలో బందీలగుట చూచి, ఆ దుఃఖమును కవిత్వముగా మలచెను.

ఇంత పెద్ద మార్పులో లాక్స్‌టను ఎట్లు తప్పించుకొనెను? ఆ యూరివారు ఇతరులకంటె ధీరులనియో, ప్రభువు దయాళువనియో చెప్పిన కథ రమ్యముగా నుండును. చరిత్ర అట్లు చెప్పదు. ఊరి చుట్టునున్న భూమిలో కొంత క్రమముగా కంచెలలోనికి పోయెను. పూర్వమున్న తూర్పు పొలము నేడు లేదు. మిగిలినదానిని కూడ విభజింపవలెనను సంకల్పము పంతొమ్మిదవ శతాబ్దమున లేకపోలేదు. కాని అప్పుడు ఆ గ్రామమున మాన్వర్సు ప్రభువుతోపాటు స్కార్బరో ప్రభువునకును భూమి యుండెను. మధ్య మధ్య సొంత భూమిగల చిన్న రైతులును ఉండిరి. ఇచ్చిపుచ్చుకొనుటలు తెమలలేదు. తెమలునప్పటికి, అనగా 1870 తరువాత, అమెరికా ధాన్యము చౌకగా దిగుమతియై ఇంగ్లాండు సేద్యము దెబ్బతినెను. కంచెకట్టుకు పెట్టు ఖర్చు తిరిగివచ్చునను ఆశ లేకపోయెను. ఇరువదవ శతాబ్దారంభమున ప్రభువు చిన్న పట్టెలను కలిపి పెద్దవి చేయించుటతో సరిపెట్టుకొనెను. కాబట్టి లాక్స్‌టను పొలములు మిగులుట చాలవఱకు యాదృచ్ఛికము.

అయినను యాదృచ్ఛికముగా మిగిలిన వస్తువును నిలుపుకొనుట మాత్రము యాదృచ్ఛికము కాదు. ఇచ్చటనే మనకు కావలసిన పాఠమున్నది. పట్టెలుగా విభజింపబడిన పొలములు ఇంగ్లాండులో మఱికొన్నిచోట్ల నేటికిని కానవచ్చును. డెవను మండలమందలి బ్రాంటను పెద్దపొలము అట్టిది. కాని పొలముతోపాటు దానిని పాలించు గ్రామసభయు జీవించియున్న చోటు లాక్స్‌టను ఒక్కటియే.

ఆ సభ పేరు 'కోర్టు లీటు'. ఇది మధ్యయుగములనాటి గ్రామప్రభువు న్యాయసభ. ఏటేట నవంబరు మాసాంతమున, గోధుమ విత్తిన పొలమును చూచుటకు జ్యూరీ బయలుదేరును. ఆ జ్యూరీలోనివారు దూరమునుండి వచ్చిన యుద్యోగులు కారు. ఆ పొలములలో పట్టెలుగల రైతులే. వారికి పెద్ద యొకడుండును. పూర్వము నడచి తిరిగెడివారు. ఇప్పుడు ట్రాక్టరు లాగు బండిపై నెక్కి పోవుదురు. పట్టె చివరలలో కొయ్య మేకులు పాతి హద్దులను స్థిరపఱతురు. ఎవడైనను బాటలోనికి దున్నెనా, గడ్డినేలను చాలు చాలుగా ఆక్రమించెనా, కాలువ పూడనిచ్చెనా యని పరీక్షించి తప్పులను వ్రాసికొందురు. పరీక్ష ముగియగానే అందఱును సత్రమునకు చేరి భోజనము చేయుదురు. తప్పు వ్రాసినవాడును, తప్పు వ్రాయబడినవాడును ఒకే బల్లయొద్ద కూర్చుందురు. తరువాతి వారమున, ప్రభువు తరపు న్యాయవేత్త యైన స్టీవార్డు అధ్యక్షతను సభ జరుగును. అచ్చట తప్పులకు జుల్మానాలు విధింపబడును. మఱుసటి యేట గోధుమ వేయు పొలమునకు క్రొత్త జ్యూరీవారు ప్రమాణము చేయుదురు.

ఆ జుల్మానాలు స్వల్పములు. ఒక అడుగు నేలకొఱకు ఇంతమంది ఒక దినమంతయు చలిలో తిరుగుట యెందులకని తొందరపడి నవ్వువారుండవచ్చును. వారికి మా ప్రత్యుత్తరమిది. ఉమ్మడి సొత్తు ఒక్కదినమున పోదు; ఏటికొక చాలు వంతున పోవును. ఒక యేట దున్నిన చాలును అడుగువాడు లేనిచో రెండవ యేట అది హక్కగును. మూడవ యేట దానిని చూచి పొరుగువాడు తన నాగలిని త్రిప్పును. పదియేండ్లకు బాట మాయమగును. అప్పుడు న్యాయస్థానమునకు పోయినను సాక్ష్యము దొరకదు, దొరకినను స్నేహము దొరకదు. ఏటేట అడుగు లెక్కపెట్టుటచేతనే ఎకరములు మిగిలినవి. తీర్పు చెప్పువాడు మఱుసటి యేట తానే ముద్దాయి కావచ్చును గనుక తీర్పునందు క్రూరత్వము లేదు. ముద్దాయి మఱుసటి యేట జ్యూరీవాడు కావచ్చును గనుక ఆతనికి పగయు నిలువదు.

ఈ సభ యొక్క గౌరవమును ఆ దేశపు ప్రభుత్వమును గుర్తించినది. మాన్వర్సు ప్రభువు 1952లో గ్రామమును అమ్మవలసివచ్చినపుడు, పొలముల పద్ధతిని కాపాడు నుద్దేశముతో వ్యవసాయ మంత్రిత్వశాఖ దానిని కొనెను. ఆర్వినుల గ్రంథము పండితలోకమున ఆ యూరికి తెచ్చిన ఖ్యాతి ఇందుకు తోడ్పడెను. 1977లో పార్లమెంటు ఒక న్యాయపరిపాలన చట్టమును చేసి, దేశమున పేరునకు మాత్రము మిగిలియున్న ప్రాచీన గ్రామన్యాయసభల అధికారమును తొలగించినపుడు, లాక్స్‌టను సభను మాత్రము మినహాయించెను. 1981లో గ్రామము రాజకీయ ఆస్తులను పాలించు క్రౌన్ ఎస్టేటు వశమయ్యెను. 2020లో మాన్వర్సు వంశీయులదగు థోర్స్‌బీ ఎస్టేటు దానిని మరల కొనెను. ఇన్నిమాఱులు యజమానులు మారినను జ్యూరీ నవంబరున పొలమునకు పోవుట మానలేదు. నేడు కంచెలు లేక మిగిలియున్న భూమి సుమారు 480 ఎకరములు.

ఇచ్చట మేము ఒక హెచ్చరికను చేయవలసియున్నది. ఇట్టి వృత్తాంతమును చదివినపుడు, ప్రాచీన గ్రామము స్వర్గమనియు, క్రొత్త కాలము నరకమనియు తలంచుట సులభము. ఆ భ్రాంతికి మన దేశముతో సన్నిహిత సంబంధము కలదు. హిందూదేశపు గ్రామములు చిన్న చిన్న గణరాజ్యముల వంటివని చార్లెస్ మెట్కాఫు 1830లో వ్రాసెను. 1862 మొదలు 1869 వఱకు గవర్నరు జనరలు సభలో న్యాయసభ్యుడుగా పనిచేసి స్వదేశమునకు మరలిన హెన్రీ మెయిను, 1871లో ప్రకటించిన గ్రంథమున హిందూదేశపు గ్రామసంఘములను, ఇంగ్లాండులో మిగిలియున్న ఉమ్మడి పొలముల జాడలను ప్రక్క ప్రక్కన పెట్టి పోల్చెను. తూర్పున జీవించియున్నది పడమట శిథిలమైనదని ఆయన తలంపు. ఆ పోలికలో సత్యము కొంత కలదు. అతిశయము కొంత కలదు. 1948 నవంబరు 4వ తేదీన మన రాజ్యాంగసభలో అంబేడ్కరు, మెట్కాఫు వాక్యములను ప్రస్తావించియే, గ్రామములను ఇట్లు కొనియాడుట తగదనియు, అవి సంకుచితత్వమునకును అజ్ఞానమునకును నెలవులనియు నిర్మొగమాటముగా పలికెను.

లాక్స్‌టను చరిత్రమును ఈ రెండు దృష్టులతోను చూడవలెను. అది గణరాజ్యము కాదు. దానికి ప్రభువుండెను, సభ ప్రభువు పేరనే జరిగెను. జ్యూరీలో కూర్చుండు హక్కు పట్టెలుగల రైతునకే గాని, ఆ పట్టెలలో కూలికి కోత కోసినవానికి లేదు. ఊరి కట్టుబాటు బలవంతుని నాగలిని ఎట్లు ఆపునో, క్రొత్తదారి తొక్కదలచినవాని కాలిని అట్లే ఆపగలదు. కావున ఆ సభను చూచి పూర్వాచారము గనుక పూజ్యమని చెప్పుట మా యభిమతము కాదు. ఆచారము లెన్నియో చచ్చినవి, చావదగినవి యనేకములు. ఇది బ్రదికినది యేల యని యడుగవలెను.

మాకు తోచిన సమాధానమిది. కంచెకట్టు వలన పల్లెవాసి పోగొట్టుకొనినది నేల మాత్రమే కాదు. పొరుగువారితో కూడి తీర్పు చెప్పు అలవాటును పోగొట్టుకొనెను. కంచె వేసినవానికి పొరుగువానితో మాటలాడవలసిన పని లేదు. మాట తేడా వచ్చినచో కంచెయే సమాధానము చెప్పును, అది చాలనిచో వకీలు చెప్పును. లాక్స్‌టను రైతు మాత్రము సంవత్సరమునకొకమాఱైనను పొరుగువాని ముఖము చూచి, 'నీవు హద్దు దాటితివి' యని చెప్పవలెను. తనకు చెప్పినపుడు వినవలెను. ఈ రెండు పనులలో రెండవది కష్టతరము. సంఘజీవనమున మానవులు నేర్వవలసిన విద్యలలో ఇది మొదటిదని మా నమ్మకము.

ఉమ్మడి వస్తువును ప్రేమించుచున్నామని చెప్పుట చాలదు. బడియైనను, బావియైనను, గ్రంథాలయమైనను, ప్రారంభోత్సవమున పూలదండలు వేసినవారు పదియవ యేట తాళపుచెవి యెవరియొద్ద నున్నదో యెఱుగకపోవుట మనము తఱచుగా చూచుచున్నాము. ఆ వస్తువును కాపాడునది ఉత్సవము కాదు. ఏటేట దానిచుట్టు తిరిగి, చిన్న తప్పునైనను చూచి, చూచినదానిని వ్రాసి, వ్రాసినదానిని నలుగురిలో చదువు ఓపిక. కూలివానికిని, ఇంటి ఇల్లాలికిని కూడ ఆ జ్యూరీలో చోటిచ్చినపుడు ఆ యోపిక న్యాయమగును. నాటింగ్‌హామ్‌షైరు బంకనేలలో కొయ్య మేకులు పాతుచు తిరుగు కొద్దిమంది రైతులు లోకమునకు ఉపదేశము చేయవలెనని తలంపలేదు. గోధుమ మొలకలు లేచు వేళకు హద్దులు సరిగా నుండవలెననుటయే వారి తలంపు. ఆ పని ముగించి వారు సత్రమునకు పోవుదురు. మఱుసటి యేట మఱియొక పొలమునకు మేకులు సిద్ధపఱతురు.